మనమా, మేమా

సెకండియర్ ఇంగ్లీషు, మూడో పద్యం.
పద్నాలుగు పంక్తులు,
పేజీ కింద కవి పుట్టిన ఊరూ, పోయిన ఏడూ.
ఇరవై రెండేళ్ళుగా వన్‌టౌన్‌లో ఇదే గది.
ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు విప్పుకుంటాయి,
రేవు దుమ్ము బెంచీల మీద
వేలితో ఎవరి పేరైనా రాసేంత పేరుకుంటుంది.
చెమ్మకి సుద్దముక్క మెత్తబడి
బోర్డు మీద సగమే పలుకుతుంది.

నేను చెప్పేదీ ఈపాటికి మెత్తబడే ఉంటుంది:
సముద్రం క్షమకు ప్రతీక.
ఆఖరి పంక్తిలో కవి అంటాడు,
రాత్రికి సముద్రం మనల్ని క్షమిస్తుందని.
అండర్‌లైన్ చేసుకోండి.
ఎనిమిది మార్కులు, నాలుగు పాయింట్లు.
కవి పేరులో స్పెల్లింగు తప్పకండి.

మూడో బెంచీలో అర్జిల్లి నూకరత్నం లేచింది.
జాలరిపేట పిల్ల. ఆమె పుస్తకంలో
సరిగ్గా మూడో పద్యం దగ్గర
చేప పొలుసొకటి అంటుకుని మెరుస్తుంటుంది.

"సారూ, ఆ 'అస్' అంటే ఏటండీ?
మనల్నా? మమ్మల్నా?"

వెనకవాళ్ళు నవ్వారు.
నేనూ నవ్వబోయి ఆగాను.
ఇంగ్లీషుకి ఒక్కటే మాట.
లోపలికి పిలిచేదీ అదే,
గుమ్మం దగ్గర ఆపేదీ అదే.
మనకి రెండు. నాలుగేళ్ళ పిల్ల కూడా పొరబడదు:
మేం తిన్నాం, మనం తిందాం.
ఎం.ఏ.లో పాదాలు లెక్కపెట్టించారు,
అలంకారాలకు పేర్లు పెట్టించారు.
ఇక్కడో గుమ్మం ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్ల కూర్చోలేదు.
"అతగాడు ఎక్కడ నించోని సెప్తన్నాడో సూడండి సారూ.
రెండో పంక్తిలో బూట్లకి ఇసక అంటిందన్నాడు.
అంటే ఒడ్డునున్నాడు.
ఐదో పంక్తిలో దీపాలు దూరంగా, అందంగా ఉన్నాయన్నాడు.
ఆ దీపం కింద మా మావయ్యుంటాడు.
ఆడికి అక్కడ అందమేటీ నేదు.
అయినా సెమించడానికి ఆడేం తప్పు సేసాడని?"

గైడులో ఇది లేదు.
గైడులో బూట్లు లేవు.
ఇరవై రెండేళ్ళు నేను వాటి మీంచి
నడుచుకుంటూ వెళ్ళిపోయాను.

గది కొంచెం చెదిరింది.
గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఇర్ఫాన్ అన్నాడు:
"ఏడో పంక్తిలో ఉత్తరం చింపింది ఆయనే కదా సార్.
తప్పు ఆయనొక్కడిది.
'మనం' అనేసి మన వెనక దాక్కున్నాడు."
పాడేరు కొండల మీంచి వచ్చి హాస్టల్లో ఉండే కొర్రా గాసన్న
రెండేళ్ళలో మొదటిసారి నోరు విప్పాడు:
"పదో క్లాసు దాకా మాకు సముద్రమే లేదు సార్.
నన్ను ఏ మాటలో వేస్తారు?"

బెల్లు కొట్టారు. బతికిపోయాను.

ప్రీఫైనల్ పేపర్లు.
కంచరపాలెంలో, భోజనాల బల్ల మీద,
పచ్చడి మరక తగలకుండా దిద్దుతున్నాను.
డెబ్భై ఒక్క పేపర్లలో సముద్రం క్షమకు ప్రతీక.
నా వాక్యాలే, నా కామాలే,
ఒకసారి తడబడి నేను చెప్పిన తప్పు కూడా
తప్పకుండా డెబ్భై ఒక్కసార్లు.

నూకరత్నం పేపరు.
ఇంగ్లీషు వాక్యం నడిమధ్య
మూడు కొట్టివేతల తర్వాత, వేరే దారి లేక,
తెలుగు అక్షరాల్లో: మేము.
ఆ కింద వ్యాకరణం కుంటుతూ ఒక వాక్యం.
పద్యం బాగుంది, కాని ఇందులోకి రావాలా అని నన్ను అడగలేదు.

బాగుంది, అన్నది.
ఆ మాట నేనెప్పుడూ ఈ పద్యాన్ని అనలేదు.

స్కీము ప్రకారం రెండు మార్కులు.
ఎర్రపెన్ను ఆ తెలుగు మాట చుట్టూ
సున్నా చుట్టబోయి సగంలో నిలిచింది.
రేవులో ఏదో ఓడ కూసింది,
వస్తోందో, పోతోందో.
మార్కుల గడి ఖాళీ.
సోమవారం పేపర్లు ఇచ్చేయాలి.

పుస్తకం తెరిచాను.
మూడో పద్యం, మొదటి పంక్తి,
రెండో పంక్తి.
బూట్ల దగ్గర ఆగి ఉన్నాను.